కోతలు ముగిసే వేళ

ఉదయగిరి మెట్టకు వానే దిక్కు. ఆత్మకూరు వైపు సోమశిల జలాశయం నీరుంది. రెండుచోట్లా కోతలు ముగిసేదాకా కూలీలు చేసే పనిని ఒంటి బలంగానే లెక్కగట్టడం అన్యాయం. గింజ రాలకుండా కొడవలి ఎలా వెయ్యాలో, పనలు ఎన్నాళ్లు ఆరాలో, వాన నీరు లోపలికి దిగకుండా కుప్ప ఎలా వెయ్యాలో, ఏ గాలికి తూర్పారబట్టాలో తేల్చేది అనుభవమే. యంత్రం గంటల్లో కోసేస్తుంది కదా అంటారు. నిజమే, మబ్బు పట్టినప్పుడు రైతుకు అది పెద్ద మేలు. కానీ గాలివానకు పడిపోయిన వరిలో, బురద ఆరని మడిలో అది తడబడుతుంది. గడ్డిని నలిపేస్తుంది, పాడి ఉన్న ఇంటికి అదీ నష్టమే. బడిలో నేర్వని పని గనుక నైపుణ్యం కాదనే వాదనను నేనసలు ఒప్పుకోను. పనుల్లేని నెలల్లో 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆసరా అయింది; అయితే అక్కడ ఎక్కువగా దొరికింది మట్టి పనే, కుప్ప వేసే చేతి నేర్పుకు అందులో చోటు దక్కలేదు.