గుండెపోటు బొమ్మ ఏం చెప్పదు?

గుండెపోటు ఎలా వస్తుందని అడిగితే మీలో చాలామంది వెంటనే ఒక బొమ్మ గీసి చూపించగలరు. ఒక రక్తనాళం, దాని లోపలి గోడకు పేరుకున్న కొవ్వు, ఆ కొవ్వు మీద గడ్డకట్టిన రక్తం, అవతల ప్రాణవాయువు అందక చచ్చిపోతున్న గుండె కండరం. పత్రికల ఆరోగ్యం పేజీల్లోనూ, ఆసుపత్రుల గోడల మీదా మనకు సాధారణంగా కనిపించేది ఈ బొమ్మే. ఈ వ్యాసంలో మనం పరీక్షకు పెట్టేది దీన్నే.

ముందుగా దానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. గుండెపోట్లలో అత్యధిక భాగం నిజంగానే ఇలా వస్తాయి. పొగతాగడం, రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్ గురించి జనాన్ని హెచ్చరించడంలో ఈ బొమ్మ చేసిన మేలు తక్కువేమీ కాదు. చిక్కల్లా ఒకటే. అది ఒక కారణాన్ని చూపించి, గుండెపోటంటే ఇదే అనిపిస్తుంది. నిజానికి గుండెపోటు ఒక సంఘటన. రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోవడమే ఆ సంఘటన. రక్తం ఎందుకు అందలేదన్నది వేరే ప్రశ్న. దానికి జవాబులు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి.

కొవ్వుతో ప్రమేయం లేని ఒక ఉదాహరణ చూద్దాం. చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత కొందరికి వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను, ముఖ్యంగా ద్విపత్ర కవాటాన్ని, పాడుచేస్తుంది. మన దేశంలో ఈ సమస్య ఇంకా పోలేదు. పూర్తిగా చెడిన కవాటాన్ని తీసి కృత్రిమ కవాటం అమర్చే పద్ధతి 1960లో అమెరికాలో విజయవంతమైంది. సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి తయారుచేసిన బంతి కవాటం అప్పటిదే. మన తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించిన చిత్ర కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు.

ఇలాంటి విజయాల గురించి రాసేటప్పుడు మనవాళ్లు తరచుగా ‘పాడైన భాగం మార్చేశారు, ఇక భయం లేదు’ అన్న ధోరణిలో ముగిస్తారు. ఇది ఆ బొమ్మకు తోబుట్టువైన పొరపాటు. బొమ్మ గుండెను నీళ్ల పంపులా చూపితే, ఈ మాట కవాటాన్ని మోటారు విడిభాగంలా చూపుతుంది. కానీ శరీరంలో పెట్టిన ఏ పరాయి వస్తువైనా సూక్ష్మజీవులకు ఆశ్రయం కాగలదు. కృత్రిమ కవాటం ఉన్నవారిలో ఏటా నూటికి సుమారు ఒకరికో, అంతకంటే తక్కువమందికో అక్కడ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆపరేషన్ జరిగిన తొలి ఏడాదిలో స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియా ముఖ్య నేరస్థులు. తర్వాతి కాలంలో చిగుళ్ల నుంచి రక్తంలోకి జారే స్ట్రెప్టోకాకస్ వంటివి కూడా తోడవుతాయి. ఇవి జిగురు పొర ఒకటి కట్టుకుని దాని మాటున ఉంటాయి. తెల్ల రక్తకణాలకు, మందులకు అంత తేలిగ్గా లొంగవు.

ఇప్పుడు గుండెపోటు సంగతికి వద్దాం. బాక్టీరియా, ఫైబ్రిన్, రక్తఫలకికలు కలిసి కవాటం మీద మెత్తని గడ్డలుగా పెరుగుతాయి. వాటి ముక్కలు తెగి రక్తంలో కొట్టుకుపోతాయి. ఎక్కువ ముక్కలు మెదడుకో, ప్లీహానికో, మూత్రపిండాలకో చేరతాయి. అయితే బృహద్ధమని నుంచి చీలే మొట్టమొదటి శాఖలు గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులే అని గుర్తుంచుకోండి. బృహద్ధమని కవాటానికి సరిగ్గా పైనే వాటి ద్వారాలుంటాయి. ఒక ముక్క అందులో దూరితే, కొవ్వు మరక కూడా లేని శుభ్రమైన ధమని క్షణంలో మూసుకుపోతుంది. ఇంకో దారి కూడా ఉంది. కవాటం చుట్టూ చీముగడ్డ ఏర్పడి, పక్కనున్న కరోనరీ ధమనిని బయటినుంచే నొక్కేస్తుంది. అప్పుడు గొట్టం లోపల అడ్డమే ఉండదు! మన బొమ్మ దీన్ని ఎలా చూపిస్తుంది?

‘ఇంత అరుదైన దానికోసం బొమ్మను తప్పుపట్టాలా?’ అని మీరు అడగవచ్చు. అరుదైన మాట నిజమే. కానీ కారణం మారితే చికిత్స మారుతుంది. మామూలు గుండెపోటులో, వెంటనే యాంజియోప్లాస్టీ చేసే వీలులేనిచోట, గడ్డను కరిగించే మందు ప్రాణం కాపాడుతుంది. ఇక్కడ అదే మందు ప్రాణం తీయవచ్చు. ఇన్ఫెక్షన్ ముక్కలు అప్పటికే మెదడు నాళాలను దెబ్బతీసి ఉంటే అక్కడ రక్తస్రావం కావచ్చు. పైగా లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వేసుకుంటూనే ఉంటారు. ఈ జబ్బుకు కనీసం ఆరు వారాల యాంటీబయాటిక్ ఇంజక్షన్లు కావాలి. చాలామందికి మళ్లీ ఆపరేషన్ తప్పదు.

దీన్ని ముందే పసిగట్టడానికి ముఖ్యమైన ఆధారం జ్వరం. కానీ గొట్టం బొమ్మలో జ్వరానికి చోటే లేదు. అందువల్ల కృత్రిమ కవాటమున్న ఇరవై ఏళ్ల యువకుడికి జ్వరం వస్తే, మందుల షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మింగేస్తాడు. ఆ మందు బాక్టీరియాను చంపలేకపోయినా, రక్తపరీక్షకు దొరకకుండా దాచగలదు. తర్వాత ఛాతీనొప్పి వచ్చినా, ‘చిన్నవాడు, సన్నగా ఉన్నాడు, గుండెపోటెందుకు వస్తుంది?’ అని ఇంట్లోవాళ్లు ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. తప్పు బొమ్మ వల్ల జరిగే నష్టం ఇక్కడే.

విలియం ఆస్లర్ 1885లో లండన్ ఉపన్యాసాల్లో గుండె లోపొర ఇన్ఫెక్షన్‌ను వివరంగా వర్ణించాడు. శాస్త్రానికి తెలిసిన విషయమే ఇది. సామాన్యుడికి దాన్ని చెప్పాల్సిన మన రాతల్లోనే లోటు ఉంది.

కాబట్టి ఈసారి ఆ బొమ్మ కనబడితే, దాని కింద మూడు మాటలు మీరే చేర్చండి. కృత్రిమ కవాటమున్నవారికి జ్వరం వస్తే, యాంటీబయాటిక్ వేసుకోకముందే డాక్టరును కలిసి రక్తం కల్చర్ పరీక్ష చేయించాలి. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి. పన్ను తీయించుకునే ముందు కవాటం సంగతి పళ్ల డాక్టరుకు చెప్పాలి. ఛాతీనొప్పి వస్తే వయసు చూసి ఊరుకోకూడదు.