మంచం కింద డిగ్రీ

వీడియో గేము అన్నమాట చెవిన పడగానే మనలో చాలామందికి రెండే రెండు బొమ్మలు కళ్ళముందు మెదుల్తాయి. ఒకటి, పరీక్షల ముందు రాత్రి దుప్పటి ముసుగులో ఫోను వెలుగుతో మెరిసే పుత్రరత్నం. రెండోది, రమ్మీ అనీ, మరోటనీ జీతమంతా ఫోనులోకి ఒంపేసి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన ఎవరో దూరపు చుట్టం. ఆ రెండో రకం మీద నాకు జాలి లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లోనూ, మన ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. మంచి పనే. కాని ఆ మసి 'గేము' అన్న మాటకే అంటుకుంది. చక్కగా కథ చెప్పే ఆటలు కూడా ఉన్నాయంటే, వినేవాళ్ళు మనల్ని ఎగాదిగా చూస్తారు.

సినిమా చూస్తే పక్కింటి వదినగారికి చెప్తాం. సీరియలు బాగులేకపోతే నలుగురితో కలిసి తిట్టిపోస్తాం. ఆట పూర్తిచేస్తే మాత్రం, అది ఎంత గుండెని పిండినా సరే, ఫోను బోర్లించి లేచి బియ్యం కడుగుతాం. ఎవరితోనూ అనం. పెద్దవాళ్ళం, పిల్లలాటలేమిటి అంటారని భయం. ఈ వేసవిలో నేను నాలుగు ఆటలు మొదలుపెట్టి నాలుగూ చివరిదాకా ఆడాను. రోలుగుంటలో కూచుని నీకివన్నీ ఎక్కడివమ్మా అంటారేమో! వీటికోసం నర్సీపట్నం బస్సెక్కక్కర్లేదు. కరెంటూ, సిగ్నలూ, మధ్యాహ్నం కాస్త తీరికా ఉంటే చాలు. మొదటి రెండూ ఎలాగో దొరుకుతాయి గాని, ఆ మూడోదే...

మొదటిది 'వెణ్బా'. తమిళంలో అదొక పద్యం పేరు. మనవాళ్ళెవరైనా కూతురికి ఆటవెలది అని పేరు పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట! టొరంటోలోని విసై గేమ్స్ అనే చిన్న సంస్థ 2023 జులైలో దీన్ని విడుదల చేసింది. కథ 1988లో మొదలవుతుంది. వెణ్బా, ఆమె భర్త పావలన్ తమిళనాడు వదిలి కెనడాలో కాపురం పెట్టారు. ఆమె దగ్గర తల్లి ఇచ్చిన వంటల పుస్తకం ఒకటుంది. పేజీలు చిరిగిపోయాయి, సిరా చెదిరిపోయింది. మొట్టమొదట మన చేత వేయించేది ఇడ్లీ. రేకుల్ని ఎలా పేర్చాలో, ఆవిరి ఎటునుంచి పైకి రావాలో, పుస్తకంలో మిగిలిన నాలుగు ముక్కలు చూసి మనమే కనిపెట్టుకోవాలి. (మా ఊరి పేరులోనే రోలు ఉంది కనక పిండి సంగతి నేను ధైర్యంగా మాట్లాడగలను. ఇడ్లీ రేకులు ఒకదాని నెత్తిన ఒకటి ఎలా పడితే అలా పెడితే ఏమవుతుందో కొత్త కోడళ్ళందరికీ తెలుసు.)

ఇదేం ఆట, రోజూ చేసేదే కదా అని మొదట నవ్వుకున్నాను. కొడుకు కవిన్ పెద్దవాడవుతాడు. అమ్మ భాషలో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. డబ్బా విప్పితే తోటిపిల్లలు ఏమంటారోనని బెంగ. ఇదంతా కథల్లో చదివిందే. ప్రవాసాంధ్రుల కథల పోటీకి వచ్చే కథల్లో సగం ఇవే. కాని ఒక అధ్యాయంలో కొడుకు వస్తున్నాడని ఆ తల్లి వంట మీద వంట చేస్తుంది. ఆమె అంటే ఎవరు? నేనే! పోపు వేసింది నేను, కలిపింది నేను, మూత పెట్టింది నేను. కొడుకు రాడు. కథలో చదివితే 'అయ్యో పాపం' అనుకుని పేజీ తిప్పేదాన్ని. ఇక్కడ నా చేతులతో చేసిన వంట నా ఎదుట చల్లారిపోతుంటే ఆ కుర్రాడి మీద నాకు నిజంగా కోపమొచ్చింది. నాలుగు ఆటలూ ఆడాక నాకు అర్థమైన రహస్యం ఇదే. సినిమా మన కళ్ళని తీసుకుంటుంది. ఆట చేతుల్ని కూడా పనిలో పెట్టి, ఆ తర్వాత కథ చెప్తుంది.

మెచ్చుకోవాల్సింది మరోటుంది. పెద్దవాడైన కవిన్ ఆ పుస్తకం తెరిస్తే, అందులోని తమిళం అతనికి సగమే అర్థమవుతుంది. ఆ సగం అర్థంతోనే మనం వండాలి. భాష పోతే ఏం పోతుందో సభల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నాం! ఒక్క వంట చేయించి చెప్పినవాళ్ళని ఇప్పుడే చూశాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తల్లీకొడుకుల మధ్య ఇన్నేళ్ళు పేరుకున్న దూరం చివర్లో మరీ తొందరగా కరిగిపోతుంది. ఆట మొత్తం గంటన్నరలో అయిపోతుంది. మరో గంట ఉంటే ఆ కుర్రాడి పశ్చాత్తాపం నమ్మబుద్ధి అయ్యేది. ఇంకా పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఈ వంటింట్లో వంట చెడితే మళ్ళీ మొదటినుంచి చేసుకోవచ్చు, ఏమీ నష్టం లేదు. మాడిన గిన్నె తోమేవాళ్ళెవరు? అన్ని వంటలు చేయించారు, ఒక్క అంటుగిన్నె కడిగించలేదు! రాసినవాళ్ళు అమ్మ చేతి వంట తిన్నవాళ్ళే గాని, వంటింటి గట్టు తుడిచినవాళ్ళు కారేమోనని అనుమానం. అయినా 2024లో బ్రిటిష్ అకాడమీ వాళ్ళు తొలి ఆటగా దీనికి బహుమతి ఇచ్చారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇడ్లీకి బాఫ్టా వచ్చిందని మా ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మలేదు గాని!

రెండోది 'ఫ్లోరెన్స్'. ఇది చిన్నది, ముప్పావు గంట ఆట. మెల్‌బోర్న్‌లోని మౌంటెన్స్ సంస్థ 2018 ఫిబ్రవరి 14న, అంటే ప్రేమికుల రోజున, విడుదల చేసింది. ఫ్లోరెన్స్‌కి ఇరవై అయిదేళ్ళు. పొద్దున్నే పళ్ళు తోముకోవడం, ఆఫీసులో అంకెలు కలపడం, అమ్మ ఫోనుకి ఊఁ కొట్టడం. ఇవన్నీ మన వేలితోనే చేయిస్తారు. విసుగు ఎలా ఉంటుందో విసుగెత్తించే చెప్పారు. తర్వాత కృష్ అనే కుర్రాడు తగుల్తాడు. మన దేశం మూలాలున్నవాడే, సెలో వాయిస్తాడు. మొదటిసారి కలిసి కూచున్నప్పుడు ఆమె మాట్లాడాలంటే మనం ముక్కలు అతికించాలి. ముక్కలన్నీ చేరితే ఒక మాట పూర్తవుతుంది. మొదట ఒక్కో మాటకి చాలా ముక్కలు. ఎంత తడబాటో చూడండి! పరిచయం పెరిగినకొద్దీ ముక్కలు తగ్గుతాయి, మాట ఇట్టే వచ్చేస్తుంది. దెబ్బలాట వచ్చేసరికి ఆ ముక్కల అంచులు గుండ్రంగా ఉండవు, కోసుగా ఉంటాయి. ఎదుటివాడికంటే ముందు అతికించాలని మన వేలు పరుగెత్తుతుంది. ఒక్క మాటా వినపడదు. అయినా ఎవరు ఏమన్నారో మనకి తెలుసు. పెళ్ళయిన ఆడదానికి ఇంతకంటే విడమర్చి చెప్పాలా?

కృష్ వైపు కథ పలచగా ఉంది. అతను ఎందుకు వాడిపోయాడో మనకి సరిగ్గా చెప్పరు. ఆట పేరే ఫ్లోరెన్స్ కదా అంటారేమో, అయినా అడగక మానను. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇక మూడోది. అసలు ఈ వ్యాసం రాయించింది అదే.

'అన్‌ప్యాకింగ్' అని పేరు. అంటే సామాను విప్పుకోవడం. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కి చెందిన విచ్ బీమ్ వాళ్ళు 2021 నవంబరులో తెచ్చారు, 2023లో ఫోనులోకీ వచ్చింది. ఒక అమ్మాయి ఇల్లు మారుతుంది. అట్టపెట్టెలు వస్తాయి. ఒక్కొక్కటి విప్పి వస్తువుల్ని సర్దాలి. అంతే ఆట! ఆ అమ్మాయి పేరు తెలీదు, ముఖం కనపడదు, ఒక్క మాట ఆడదు. 1997లో చిన్నప్పటి గదితో మొదలై 2018 దాకా ఎనిమిది ఇళ్ళు. వస్తువుల్ని చూసే ఆమె ఎవరో మనం ఊహించుకోవాలి. రంగుల పెట్టె ఇల్లు మారినప్పుడల్లా పెరుగుతుంది. ఒక బొమ్మ నలుగుతూ నలుగుతూ వెంటే వస్తుంది. ఇక శబ్దాలు! గ్లాసుని చెక్క మీద పెడితే ఒక చప్పుడు, గచ్చు మీద పెడితే మరో చప్పుడు. మొత్తం 14,000 శబ్దాలు రికార్డు చేశారట. నేను చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక చెంచాని పదిచోట్ల పెట్టి చూశాను. ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారో అడగలేదు.

2010లో ఆమె స్నేహితుడి ఫ్లాటుకి మారుతుంది. తలుపు తీసేసరికే ఆ ఇల్లు నిండి ఉంటుంది. అతని పుస్తకాలు, అతని చొక్కాలు, అతని కాఫీ సరంజామా. ఆమె వస్తువుల కోసం ఎవరూ ఒక్క అర ఖాళీ చెయ్యలేదు. మనమే అతని సామాను అటూ ఇటూ జరిపి చోటు చేసుకోవాలి. చిట్టచివరికి చేతిలో ఫ్రేము కట్టిన డిగ్రీ పట్టా మిగుల్తుంది. గోడ మీద పెట్టి చూశాను, కుదర్లేదు. బల్ల మీద, వంటింట్లో, ఆఖరికి స్నానాల గదిలో కూడా! వస్తువు తప్పుచోట ఉంటే దాని చుట్టూ ఎర్రగీత వస్తుంది. ఎక్కడ పెట్టినా ఎర్రగీతే. చివరికి మంచం కింద పెడితే ఆట ఒప్పుకుంది. ఆ పట్టాకి ఆ ఇంట్లో అదొక్కటే చోటు.

ఒక్కసారి ఆలోచించండి, మీ డిగ్రీ కాగితం ఇప్పుడెక్కడుంది? మా పెద్దవదినది బీరువా పై అరలో, పెళ్ళినాటి పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో ఉంది. నాది ట్రంకుపెట్టెలో, ఆ పెట్టె మంచం కింద. అత్తవారింటికి వెళ్ళినరోజు మనకి బీరువాలో ఒకటిన్నర అర చూపించి 'ఇక్కడ సర్దుకో అమ్మా' అన్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ప్రేమగానే అన్నారు. ఈ ఆటలో ఉన్న కుర్రాడు కూడా చెడ్డవాడని ఎక్కడా చెప్పరు. అతను ఆమెని కొట్టలేదు, తిట్టలేదు, కనీసం కనపడలేదు. తన ఇంట్లో తన వస్తువులు ఉంచుకున్నాడు, అంతే. ఎన్నో నవలలు దుష్టుడైన భర్తని పెట్టి చెప్పలేకపోయిన సంగతిని వీళ్ళు ఒక చెక్కఫ్రేముతో చెప్పేశారు. 2012లో ఆమె తిరిగి పుట్టింటికి, ఆ చిన్నప్పటి గదికే వస్తుంది. పెట్టెలోంచి అతని ఫొటో బయటపడుతుంది. దాన్ని బయట ఎక్కడ పెట్టినా ఎర్రగీతే. కనపడకుండా దాచాలి. నేనైతే సంతోషంగా దాచాను. చివరి ఇళ్ళలో ఆమెకి జతగా వచ్చేది మరో అమ్మాయి. అదీ ఎవరూ నోటితో చెప్పరు, వచ్చి చేరిన సామాను చెప్తుంది.

ఇంత మెచ్చుకున్నాను కదా అని అన్నీ నచ్చాయనుకోకండి. వంటిళ్ళూ స్నానాల గదులూ సర్దీ సర్దీ మధ్యలో చేతులు నొప్పి పుడతాయి. ఒక్క మనిషికి అన్ని సీసాలూ, అన్ని చెప్పుల జతలూ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ డబ్బాల్లో కుంకుమభరిణె లేకపోవడం వాళ్ళ తప్పు కాదు గాని, మన పెళ్ళికూతురి సారె సామానుతో ఇలాంటి ఆట ఎవరైనా చేస్తే, కావిడిపెట్టె మూత తియ్యగానే ఎంత కథ ఉంటుందో! 2022లో బ్రిటిష్ అకాడమీ కథనానికి ఇచ్చే బహుమతి దీనికిచ్చింది. ఒక్క సంభాషణ కూడా లేని ఆటకి!

నాలుగోది మనదేశానిదే, 'రాజీ'. పుణెలోని నాడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో తెచ్చారు. రాజీ అనే పిల్ల, ఆమె తమ్ముడు గోలూ. రాక్షసులు తమ్ముణ్ణి ఎత్తుకుపోతే అక్క దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం పట్టుకుని బయల్దేరుతుంది. దుర్గా, విష్ణుమూర్తీ పైనుంచి చూస్తూ మాట్లాడుకుంటుంటారు. రాజస్థాన్ కోటలు, జాలీ కిటికీలు, మెట్లబావులు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. నడుమ నడుమ కథని తోలుబొమ్మల నీడల్లో చెప్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్ళకి ఆ రంగులద్దిన తోలులోంచి వెలుగు ఎలా వస్తుందో తెలుసు. ఇక్కడ నలుపు నీడే ఎక్కువ, మన బొమ్మల ఎరుపూ పసుపూ ఉంటే బావుండుననిపించింది. పోరాటాలు మాత్రం వొకటే తీరు. నాలుగో గుంపుని చంపేసరికి నాకు రాక్షసుల మీదే జాలేసింది. ముగింపు కూడా సగంలో తెర దించేసినట్టుంటుంది.

ఆ 2020లోనే, ఆగస్టు 30న, ప్రధాని మోదీ రేడియో ప్రసంగంలో మన ఏటికొప్పాక బొమ్మల గురించీ, సి.వి. రాజుగారి కృషి గురించీ ప్రస్తావించి, ఆ వెంటనే కంప్యూటరు ఆటలు కూడా మనదేశంలో, మనదేశం మీద తయారవ్వాలన్నారు. రెండూ ఒకే ప్రసంగంలో విన్నాక కూడా మనవాళ్ళకి పురాణాలే ఎందుకు తోస్తాయో! ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిరగలిపీట మీద తిప్పుతూ లక్కపుల్లని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి రంగు పడుతుంది. ఎంత గట్టిగా ఆనించాలి, ఎప్పుడు తియ్యాలి అన్నదంతా చేతికే తెలియాలి. అంతకంటే మంచి ఆట ఏం కావాలి? లేదా మనమంతా చింతపిక్కలతో ఆడిన వామనగుంటలు... గుప్పిట్లో పిక్కలు జారే ఆ చప్పుడుని ఆ 14,000 శబ్దాలవాళ్ళకి అప్పగిస్తే!

ఆడదలచినవాళ్ళు ఫ్లోరెన్స్‌తో మొదలుపెట్టండి. ఫోనులోనే ఆడొచ్చు, పిల్లలు బడినుంచి వచ్చేలోగా అయిపోతుంది. అన్‌ప్యాకింగ్‌ని రోజుకో ఇల్లు చొప్పున ఎనిమిది రోజులు చేసుకోండి. వెణ్బాని నేను కంప్యూటరులో ఆడాను, పెద్ద తెర మీదే బావుంటుంది. అన్నట్టు, అన్నం తిన్నాకే ఆడండి. రాజీకి మాత్రం పక్కన ఒక మేనల్లుణ్ణి కూచోబెట్టుకోండి. రాక్షసులొచ్చినప్పుడల్లా వాడి చేతికివ్వచ్చు.