ద్వీపం చెప్పని చరిత్ర

నాగార్జునకొండను ద్వీపం చేసింది ప్రకృతి కాదు, ఆనకట్ట. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. మునగబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన తవ్వకాలు సాగాయి. పాతరాతియుగపు పనిముట్లు మొదలు ఇక్ష్వాకుల విజయపురి దాకా బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి నిలబెట్టారు. ఇది మెచ్చదగిన కృషి.

కాని ఏది రక్షించదగింది అన్న ప్రశ్న వర్గదృష్టికి అతీతం కాదు. మహాచైత్యానికి స్తంభమెత్తించిన రాజసోదరి శాంతిశ్రీ పేరు శాసనంలో మిగిలింది. ఆ రాయి మోసినవారి పేర్లు మిగలలేదు. మన కాలంలోనూ అంతే. మూడో శతాబ్దపు రాళ్లు కొండెక్కాయి. ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెం, ఈ ఒడ్డున మన నల్లగొండ జిల్లా ఏలేశ్వరం నీటిపాలయ్యాయి.

సామాన్యుల ఇల్లు కూడా పురాతత్త్వానికి వస్తువే. స్కాట్లండ్‌కు పడమట సముద్రంలో ఉన్న హిర్టా ద్వీపాన్ని 1930లో చివరి 36 మంది విడిచిపోయారు. అక్కడ రాజప్రాసాదాలు లేవు. గొర్రెలు మేపుకొని, సముద్రపక్షులను పట్టి బతికిన ఆ పేదల ఇళ్లనూ, తిండి దాచుకున్న రాతికొట్లనూ పరిశోధకులు ఓపికగా లెక్కించి నమోదు చేశారు.

సాగర్ నీరు బీళ్లను తడిపింది. దాన్ని ఎవరూ కాదనరు. ఆ నీటికోసం ఊళ్లు వదిలినవారి చరిత్ర రాయవలసి ఉంది. కొండకు వెళ్లే ఆలేరు విద్యార్థులు శాసనాలతోపాటు నిర్వాసితుల మాటలనూ రాసుకోవాలి. ఆనాటి పిల్లలు నేడు వృద్ధులు. వారు పోతే ఆ ఆధారం తవ్వినా దొరకదు.