నాడి వదలకూడదు

మా సాలూరు చుట్టుపక్కల మమ్మల్ని మత్తు డాక్టర్లంటారు. సూది వేసి, మనిషిని పడుకోబెట్టి, పక్కకి తప్పుకుంటామని చాలామంది అనుకుంటారు. నిజానికి సూది వెయ్యడం మా పనిలో చిన్న భాగం. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ముఖ్యంగా కాన్పు ఆపరేషన్‌లో నడుముకి ఇంజెక్షన్ ఇచ్చాక మొదటి పదిహేను నిమిషాలు మాకు కంటిమీద రెప్ప వెయ్యడానికి వీలుండదు. అంతసేపూ తల్లి బీపీ నిలబడాలి. నిలబడితే బిడ్డ కూడా క్షేమంగా బయటికొస్తుంది. మందులు మారాయి, కొత్త యంత్రాలొచ్చాయి. అయినా ఈ విద్యకి మూలం మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండడమేనని నా గట్టి నమ్మకం.

ఆ సూదితో ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. నడుం దగ్గర రెండు వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి సూది పంపి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి సుమారు రెండు మిల్లీలీటర్ల మందు వదులుతాం. ఎక్కువగా వాడేది 0.5 శాతం బుపివకైన్. అందులో డెక్స్‌ట్రోజ్ కలిపి ఉంటుంది కాబట్టి వెన్నునీటికన్నా బరువు. అందుకే ఆపరేషన్ థియేటర్లో దాన్ని ‘హెవీ’ అంటారు. మనిషిని పడుకోబెట్టిన తీరును బట్టి అది పైకి పాకుతుంది. కాన్పు ఆపరేషన్‌లో నొప్పి తెలియకూడదంటే మొద్దుబారడం రొమ్ముల ఎత్తుదాకా చేరాలి. ఆ దారిలో నొప్పిని మోసే నరాలతోపాటు రక్తనాళాలను బిగించి పట్టుకునే నరాలు కూడా ఊరుకుండిపోతాయి. కాళ్లలో, పొట్టలో నాళాలు వదులైపోయి రక్తం అక్కడే నిలిచిపోతుంది. దానికి తోడు నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర మీద పడుతుంది. గుండెకి వచ్చేదే తగ్గితే బయటికి పంపేది ఎక్కడినుంచి వస్తుంది? బీపీ దిగిపోతుంది. మెదడు, మూత్రపిండాలు బీపీ కొంత తగ్గినా తమకు కావాల్సిన రక్తాన్ని సర్దుకోగలవు. మాయకి ఆ శక్తి లేదు. తల్లి బీపీ ఎంతో బిడ్డకి అందేది అంత.

అందుకే సూది తియ్యగానే తల్లిని వెల్లకిలా తిప్పి, కుడి నడుం కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి, కొంచెం ఎడమవైపు ఒరిగేలా చేస్తాం. సెలైన్ వేగంగా వదులుతాం. చేతి పట్టీని నిమిషానికోసారి బీపీ చూసేలా పెడతాం. కానీ చాలాసార్లు యంత్రం కన్నా ముందు మనిషే చెబుతుంది. “ఎలాగుందమ్మా?” అంటే “కడుపులో తిప్పేస్తంది బాబూ” అంటుంది. తిన్నది పడక కాదు, బీపీ జారుతోందని అర్థం. ఆ మాట వినగానే మందు సిరంజి మీదకి చెయ్యి వెళ్లిపోవాలి, పట్టీ మళ్లీ గాలి నింపుకుని అంకె చూపించేదాకా ఆగకూడదు.

పాచిపెంట పైనుంచో, కొటియా వైపునుంచో దిగివచ్చే తల్లి ఆ మాట కూడా చెప్పదు. కువి తప్ప ఇంకో భాష రాదు. వచ్చినా, ముసుగులు కట్టుకున్న కొత్త మనుషుల మధ్య నోరు పెగలదు. అలాంటప్పుడు ముఖాన్నే చదవాలి. రెండుసార్లు ఆవలించిందా, పై పెదవి మీద చెమట పట్టిందా, చూపు ఒకచోట నిలవడం లేదా? నా ఎడమ చెయ్యి ఆమె మణికట్టు మీదే ఉంటుంది. నాడి సన్నబడడం వేలికి తెలుస్తుంది. వీలైతే తోడొచ్చిన ఆశా కార్యకర్తని తలదగ్గర కూర్చోబెడతాను. ఆమె మాట్లాడుతూ ఉంటే తల్లికి ధైర్యం. జవాబు నెమ్మదించిన క్షణం నాకు తెలిసిపోతుంది.

నాడి చూడాలా, ఊపిరి చూడాలా అన్న తగాదా ఒకప్పుడు మన హైదరాబాదులోనే ప్రపంచమంతా వినేలా జరిగింది. ఎడిన్‌బరోలో సింప్సన్ 1847లో క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మరుసటేడే ఇంగ్లండులో పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే చనిపోయింది. గుండె ముందు ఆగిందా, ఊపిరి ముందు ఆగిందా? నలభై ఏళ్లు ఈ ప్రశ్న తేలలేదు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్, అక్కడి వైద్య పాఠశాల పెద్ద ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని వాదించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోకపోతే నిజామే వెయ్యి పౌండ్లు ఇచ్చి వాళ్ల మనిషిని రప్పించాడు. 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులకి క్లోరోఫాం ఇచ్చి, వాటి బీపీని తిరిగే కాగితం మీద గీతలుగా రాయించారు. ఆ కాలానికి అంత పెద్ద ప్రయోగం సామాన్యమైన పని కాదు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ కాలపు మనిషే.

కమిషన్ చివరికి లారీ పక్షమే నిలిచింది. ఊపిరి మీద దృష్టి పెడితే చాలు, నాడి గురించి ఆలోచించక్కర్లేదంది. ఊపిరిని అంత శ్రద్ధగా గమనించాలన్న పాఠం ఈ రోజుకీ విలువైనదే. రెండో సగమే తప్పు. 1911లో ఇంగ్లండులో లెవీ అనే పరిశోధకుడు తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించాడు. అంతకు పదేళ్ల ముందే అమెరికాలో హార్వీ కుషింగ్, ఇటలీలో రివా-రోచీ చేసిన బీపీ పట్టీని చూసి, దాన్ని తన థియేటర్‌కి తీసుకెళ్లాడు. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ బీపీ రాసుకునే అలవాటు అలా బలపడింది. వందలాది జంతువుల లెక్క ఒకవైపు ఉన్నా, బల్ల మీద ఉన్న ఒక్క మనిషి నాడిని వదలకూడదని ఆ కథ నాకు నేర్పింది.

బీపీ నిలబెట్టే మందుల చరిత్రలోనూ ఇదే జరిగింది. 1974లో గర్భంతో ఉన్న గొర్రెల మీద చేసిన పరిశోధనలో ఎఫిడ్రిన్ గర్భసంచికి వెళ్లే రక్తాన్ని తగ్గించదని, మిగతావి తగ్గిస్తాయని తేలింది. అంతే, పాతికేళ్లకి పైగా కాన్పు ఆపరేషన్లలో ఎఫిడ్రిన్‌దే రాజ్యం. తర్వాత తల్లుల మీదే జాగ్రత్తగా పరీక్షలు చేస్తే వేరే సంగతి బయటపడింది. ఎఫిడ్రిన్ మాయ దాటి బిడ్డలోకి వెళ్లి, బిడ్డ రక్తంలో ఆమ్లాన్ని పెంచుతోంది. వదులైన నాళాలను తిరిగి బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ ఆ పని చెయ్యడం లేదు. 2018లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు ఫినైల్‌ఎఫ్రిన్‌నే ముందు పెట్టాయి, అదీ బీపీ పడ్డాక కాకుండా మత్తు ఇచ్చిన వెంటనే సన్నగా ఎక్కించమన్నాయి. ఫినైల్‌ఎఫ్రిన్‌తో నాడి నెమ్మదిస్తుంది కాబట్టి ఈమధ్య నార్‌ఎడ్రినలిన్‌ని చాలా పలచగా వాడడం కూడా మొదలైంది. మన దేశంలో చిన్న ఆస్పత్రుల్లో ఎక్కువగా చేతికందేది మెఫెంటెర్మిన్. అది ఉన్నచోట దాన్నే సకాలంలో, కొద్దికొద్దిగా ఇవ్వడం తెలిసిన చెయ్యి కావాలి.

ఫినైల్‌ఎఫ్రిన్ సీసా వేలెడు కూడా ఉండదు. ఆ ఒక్క మిల్లీలీటరులో పది మిల్లీగ్రాముల మందు. తల్లికి ఒక్కసారి ఇచ్చేది యాభై నుంచి వంద మైక్రోగ్రాములు. అంటే ఆ చిన్న సీసాలో కనీసం వంద మోతాదులకి సరిపడే మందుంది. దాన్ని వంద మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, బాగా కుదిపి, సిరంజిలోకి తీసి, పేరూ మోతాదూ రాసిన కాగితం అంటించేదాకా నేను వెన్నుసూదిని ముట్టుకోను. మందు ముందు, మత్తు తర్వాత. కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లకి నేను మొదట చెప్పేది ఇదే.

బీపీ ఎంత ఉంటే చాలన్నదానికి అందరికీ ఒకే అంకె పనికిరాదు. పై బీపీ ఆ తల్లి మామూలు బీపీలో తొంభై శాతానికి తగ్గకుండా చూడాలని, ఎనభై శాతం కిందకి పోనివ్వకూడదని ఆ 2018 సూచనలు చెబుతున్నాయి. మామూలుగా 120 ఉండే ఆమెకి 108 దగ్గరే జాగ్రత్తపడాలి. 96 కిందకి దిగితే ప్రమాదం. రోజంతా కొండ ఎక్కీ దిగీ పనిచేసే సన్నటి ఆడపిల్లకి నూరే మామూలు బీపీ కావచ్చు. ఆమె లెక్క వేరు. బల్ల ఎక్కాక భయంతో పెరిగిన బీపీని అసలు అంకెగా తీసుకుంటే దారి తప్పుతాం. అందుకే వార్డులో నెమ్మదిగా కూర్చోబెట్టి, కాస్త కబుర్లాడి, అప్పుడు చూసి రాసుకోవాలి.

మన కొండ ప్రాంతంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి రక్తహీనత. రక్తంలో ప్రాణవాయువుని మోసే సరుకే తక్కువున్నప్పుడు బీపీ కాస్త జారినా ఒళ్లు తట్టుకోలేదు. రెండోది సికిల్‌సెల్. ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బులో ప్రాణవాయువు తగ్గినా, చలేసినా, ఒంట్లో నీరు తగ్గినా ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాలకు అడ్డుపడతాయి. బీపీ పడి రక్తం నెమ్మదిస్తే అది కూడా తోడవుతుంది. అలాంటివాళ్లకి సెలైన్ గోరువెచ్చగా ఇవ్వాలి, దుప్పటి కప్పాలి, ఆక్సిజన్ తగ్గనివ్వకూడదు. 2023 జులైలో సికిల్‌సెల్ నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలైంది. ఊళ్లో పరీక్ష చేసి ఇచ్చే కార్డు మా చేతికి అందితే సగం ప్రమాదం థియేటర్ బయటే ఆగిపోతుంది.

వెన్నుసూది అవసరం లేని చోట ఒక్క చేతినో ఒక్క కాలినో మొద్దుబార్చే విద్య ఈ పాతికేళ్లలో బాగా ఎదిగింది. సాలూరు లారీల ఊరు. షెడ్డులో జాకీ జారో, ఘాట్ రోడ్డులో బండి బోల్తాపడో చెయ్యి నలిగినవాళ్లు వస్తుంటారు. చాలామంది అప్పుడే భోంచేసో, చోడి అంబలి తాగో ఉంటారు. నిండు కడుపుతో పూర్తి మత్తు ఇస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే భయం. అల్ట్రాసౌండ్ గొట్టాన్ని కంటెముక పైన ఆనిస్తే తెర మీద కొట్టుకునే ధమని, దాని పక్కనే ద్రాక్షగుత్తిలా చేతి నరాలు కనిపిస్తాయి. సూది మొన ఎక్కడుందో చూస్తూ ఆ గుత్తి చుట్టూ మందు వదలొచ్చు. పూర్వం ఒంటి గుర్తులు చూసి, చేతికి తగిలే తీరు మీద ఆధారపడి పొడిచేవాళ్లం. ఇప్పుడు తక్కువ మందు చాలు. మనిషి మెలకువగానే ఉంటాడు, వెన్నుసూదిలోలా బీపీ కూలిపోదు.

అలాగని ప్రమాదం లేదనలేం. బుపివకైన్ కిలో బరువుకి రెండు మిల్లీగ్రాములు దాటకూడదు. నలభై కిలోల మనిషికి 0.5 శాతం మందు పదహారు మిల్లీలీటర్లే. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, గుండె ఆగుతుంది. దానికి విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణం పనిచేస్తుందని 1998లో ఎలుకల మీద తేలింది. 2006లో అమెరికాలో ఆగిన గుండె దాంతో తిరిగి కొట్టుకుంది. అది లేని గదిలో ఈ సూది వెయ్యకూడదు.

వెన్నుసూదో నరాల మత్తో ఇస్తే అన్నీ మెరుగవుతాయని కూడా చెప్పలేం. తుంటి విరిగిన పెద్దవాళ్ల మీద జరిపి 2021లో ప్రకటించిన పెద్ద పరీక్షలో వెన్నుసూదికీ పూర్తి మత్తుకీ రెండు నెలల తర్వాత నడకలో, ప్రాణాపాయంలో తేడా కనిపించలేదు. ఏ పద్ధతి ఎంచుకున్నా, దాన్ని ఎంత జాగ్రత్తగా నడిపామన్నదే ముఖ్యం.

ఆ జాగ్రత్తకి మనిషి కావాలి. ఏజెన్సీ కింద ఉన్న ప్రతి ఆస్పత్రిలో రాత్రీపగలూ శిక్షణ పొందిన మత్తు డాక్టరు, పనిచేసే బీపీ యంత్రం, కలిపి సిద్ధంగా పెట్టిన మందు, సన్నటి సూదులు ఉండాలి. డోలీ మీద కొండ దిగివచ్చిన తల్లిని మత్తు డాక్టరు లేడని మళ్లీ విజయనగరమో విశాఖపట్నమో పంపే పరిస్థితి ఉండకూడదు. ఇది ప్రభుత్వానికి నా విన్నపం.

చదివేవాళ్లకి కూడా ఒక మాట. వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుం నొప్పి తప్పదన్న భయం వదిలేయండి. సూది దిగినచోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి బరువులు, వంగి చేసే పనులు, కాన్పుతో ఒంట్లో వచ్చే మార్పులే ఎక్కువగా కారణం. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు అడిగే ప్రశ్నలకి దాచకుండా జవాబివ్వండి. బీపీ మాత్రలు, నాటుమందులు, కల్లు, సికిల్‌సెల్ కార్డు, ఎప్పుడు ఏం తిన్నదీ అన్నీ చెప్పండి. బల్ల మీద కడుపులో తిప్పినా, ఊపిరి బరువుగా అనిపించినా సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే నోరు విప్పి చెప్పండి. ఏ యంత్రం కన్నా ముందు మాకు అందేది మీ మాటే.