చంద్రకళ – కావ్యకళ

‘కళ’ అను పదమునకు మన భాషలో రెండర్థములు ప్రసిద్ధములు. చంద్రబింబమున పదునాఱవ భాగము కళ. గీత నృత్త చిత్రాదులును కళలే. పదునాఱవ శతాబ్దిలో పింగళి సూరన తన కావ్యమునకు ‘కళాపూర్ణోదయము’ అని పేరిడినప్పుడు ఈ రెండర్థములును అందు మెఱసినవి. కళాపూర్ణుడు కథలోని రాజు. కళలు నిండినవాడనగా నిండుచందురుడును అగును. కావున చంద్రుని నిమిత్తముగా కళలను శాస్త్రమును ఒక్క వేదికపై కూర్చు ఉత్సవము మనము క్రొత్తగా అరువు తెచ్చుకొనవలసినది కాదు. అట్టి ఉత్సవమున తెలుగునకు దక్కు స్థానమెట్టిదో విచారింపవలసియున్నది.

ఈ విచారణకు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరము తగిన చోటు. సోవియట్ సహకారముతో 1955లో కుదిరిన ఒప్పందము ననుసరించి వెలసిన ఆ కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సోవియట్ నౌక లూనా-2 చంద్రుని చేరిన మొదటి మానవనిర్మిత వస్తువైనది. పనికై వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినది. ఆ తేదీ జాతీయ అంతరిక్ష దినోత్సవమై, 2024 నుండి దేశమంతట జరుపబడుచున్నది. ఆ నౌక బయలుదేరినది తెలుగునేలపైనున్న శ్రీహరికోట నుండియే.

ఇట్టి సందర్భములలో సామాన్యముగా కానవచ్చు లోపమొకటి కలదు. ఒక గదిలో పిల్లలు నౌకల నమూనాలు నిలిపి హిందీలోనో ఇంగ్లీషులోనో వివరింతురు. వేఱొక గదిలో పెద్దలు చంద్రునిపై తెలుగు పద్యములు చదువుదురు. ఈ గదివారు ఆ గదిలోనికి పోరు. తెలుగు రెండవ గదికే పరిమితమగును. ఈ దోషము శాస్త్రజ్ఞులదని నేననుకొనను, మన సాహిత్యపరులదే.

మొదట ఇట్లు లేదు. రాజరాజనరేంద్రుడు నన్నయను భారతము తెనిగింప కోరుటకు, పాండవులు తన చంద్రవంశమువారగుట ఒక కారణమని ఆ గ్రంథావతారికయే తెలుపుచున్నది. ఆ కాలమునకు సమీపముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కథకును లెక్కకును నాడు ఒక్క భాషయే చాలినది. పిమ్మట ప్రబంధములలో చంద్రోదయము అష్టాదశవర్ణనలలో ఒకటై, విరహిణి చేయు చంద్రోపాలంభము కవికి విధియైనది. అందు గొప్ప పద్యములు లేవని కాదు. కాని చూచి వర్ణించుట తగ్గి, విని వర్ణించుట హెచ్చినది. విదియనాటి నెలవంకను అర్ధరాత్రి నడినెత్తిన నిలుపు పద్యము ఎంత మధురమైనను, కవి ఆకాశమును చూడలేదనుటకు సాక్ష్యమే.

ఇందుకు విపర్యయమైన దోషమును కలదు. చంద్రయాన్-3లోని ఉష్ణమాపకము చంద్రుని నేలపై సుమారు 50 డిగ్రీలకు మించిన వేడిమిని, కేవలము 8 సెంటీమీటర్ల లోతున సున్నకు దిగువ సుమారు 10 డిగ్రీల చలిని గుర్తించినది. శీతకరుడనిన కవియు, నిప్పులు చెఱగుచున్నాడని దూఱిన విరహిణియు జానెడైన లేని ఎడముతో నిజమే పలికిరని చమత్కరింపవచ్చును. కాని మన కవులు దీనిని ముందే ఎఱిగిరని వేదికపై చాటినచో కావ్యమునకును శాస్త్రమునకును సమానముగా అపచారము జరుగును.

అనువాదకునిగా నన్ను బాధించునది మాటల విషయము. చంద్రుని ఆవలి ముఖమును ‘చీకటి వైపు’ అని వ్రాయుట పరిపాటియైనది. అది మనకు కనబడదేగాని, అచ్చటను మన లెక్కకు సుమారు రెండు వారముల పగలుండును. ఇంగ్లీషు వాడుకను తెచ్చుకొనుటలో ఆలోచన లోపించినందున తెలుగు పాఠకునికి అబద్ధము చేరినది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో స్థాపించిన గ్రంథమండలికి ‘విజ్ఞానచంద్రిక’ అని పేరిడిరి. చరిత్రను శాస్త్రమును సామాన్య పాఠకునికి తెలుగు వచనమున అందింపవలెనని వారి సంకల్పము. శాస్త్రమును వెన్నెలగా భావించిన ఆ పేరు మనకు గుర్తున్నది. ఆ పని కొనసాగించువారు చాలరు.

భిలాయిలో ఈ పనికి అనుకూలతలు కలవు. ఆ ప్రాంతమున గనియారి గ్రామమున జన్మించిన తీజన్‌బాయి పండవానీ గానముతో చంద్రవంశకథను దేశవిదేశముల వినిపించి, 2019లో పద్మవిభూషణ్ పొందిరి. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారమున ఉద్యోగము చేసినవారు. కళకును కొలిమికిని ఆ ఊర వైరము లేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? ప్రజ్ఞాన్ రోవరు చంద్రుని మట్టిలో గంధకముతోపాటు ఇనుమును గుర్తించినది. దల్లీ-రాజహరా గనుల ఇనుపరాయి కరగి పట్టాలగుటను ఎఱిగిన ఊరివారికి ఆ వార్త ఇంటిమాటవలె తోచును.

అచ్చటి తెలుగు పిల్లలకు హిందీ బడిభాష. తెలుగు పెక్కుమందికి చెవిభాష మాత్రమే. ఉత్సవమునకు ముందు ఒక పక్షము దినములు వారిచేత చంద్రుని చూపింపుడు. ఏ వేళ, ఏ దిక్కున, ఎంత కళతో కనబడెనో దినమునకు రెండు వాక్యములు తెలుగులో వ్రాయింపుడు. లిపి రానివారు చెప్పగా ఇంటి పెద్దలు వ్రాయుదురు. ఆ పుటను కవియు ఇంజనీరును ఒక్కచోట కూర్చుండి దిద్దవలెను. బువ్వ తినిపించుచు తల్లి చంద్రుని చూపి నేర్పిన భాషలో, ఆ బిడ్డ పెరిగి చంద్రుని గూర్చి ఒక ప్రశ్న అడుగగలిగినచో ఉత్సవము సఫలమైనట్లే. అడుగలేకపోయినచో, మనమెన్ని పద్యములు చదివినను లోపము మనదే.