విప్పి కట్టే పడవ

భీమిలి నుంచి బారువ దాకా ఉత్తరాంధ్ర తీరంలో చాలా మత్స్యకార పల్లెలకు రేవు లేదు. ఎదురుగా బారుగా పరుచుకున్న ఇసుక, దాని మీద విరిగిపడే కెరటాలు, అంతే. ఇలాంటి చోట పడవను లంగరేసి నీళ్ళలో వదిలేయడం కుదరదు. వేటకు పోయేటప్పుడు కెరటాలు దాటాలి, తిరిగొచ్చాక ఇసుక మీదికి ఎక్కించాలి. ఈ రెండూ రోజూ తప్పని పనులు కాబట్టే ఇక్కడి జాలర్లు, వాడబలిజలు తరతరాలుగా తెప్పను నమ్ముకున్నారు. నాలుగు దుంగలు కలిపి కట్టిన మొరటు సాధనమని దాన్ని తీసిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తెప్పను కట్టిన తీరులోనే దాని మరమ్మతు కూడా ఇమిడి ఉందన్న సంగతి వాళ్ళ కంటికి ఆనదు. అది విప్పడానికి వీలుగా కట్టిన పడవ. ఫైబర్ పడవలు వచ్చాక దుంగలు పోయాయని బెంగపడనక్కర్లేదు. వాటితో పాటు ఈ వీలు కూడా పోవడమే అసలు నష్టం, దాన్ని ఇంకా నిలుపుకోవచ్చన్నదే ఈ వ్యాసం వాదన.

మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ భారతీయ పడవల రూపాల మీద 1920లో ఒక గ్రంథం వెలువరించాడు. తూర్పుతీరపు తెప్పల్లో ప్రాంతానికో తీరు ఉందని ఆయన అప్పుడే గుర్తించాడు. తమిళ తీరపు కట్టుమరంలో దుంగలను పక్కపక్కన పేర్చి రెండు చివరలా తాళ్ళతో బిగిస్తారు. మన ఉత్తరాంధ్ర తెప్ప పడవ ఆకారానికి ఇంకాస్త దగ్గర. అడుగున చెక్కిన దుంగలు, పక్కల కొంచెం ఎత్తుగా మరికొన్ని, వాటిని కలిపే కొయ్య మేకులు. ఇలా తయారైన రెండు సగాలను వేటకు వెళ్ళే ముందు పీచుతాడుతో కలిపి కడతారు. బోలు పడవ లోపలున్న గాలి వల్ల తేలుతుంది, నీళ్ళు నిండితే మునుగుతుంది. తెప్పను తేల్చేది కర్ర తేలికదనమే. కెరటం మీదుగా దూకినా ఆ నీళ్ళు సందుల్లోంచి కిందికి జారిపోతాయి. తోడిపోయాల్సిన పని లేదు. తిరగబడినా కర్ర కర్రే, మళ్ళీ ఎక్కి కూర్చోవచ్చు.

అయితే తేలిక కర్రకు ఒక జబ్బుంది. అది నీళ్ళు తాగుతుంది. తాగినకొద్దీ బరువెక్కి లోతుకు దిగుతుంది, తెడ్డు వేసేవాడి భుజాలు పడిపోతాయి. పైగా ఉప్పునీటిలో కర్రను తొలిచే పురుగు ఉంటుంది. ఎడతెగకుండా నీళ్ళలో నానే చెక్కను అది లోపల్లోపలే జల్లెడ చేసేస్తుంది. ఈ రెండింటికీ తెప్ప దగ్గర ఉన్న మందు ఒకటే: ఒడ్డుకు రాగానే కట్లు విప్పి ఎండలో ఆరబెట్టడం. ఆరిన కర్ర తేలికపడుతుంది, పొడి చెక్కలో ఆ పురుగు బతకలేదు. రెండుగా విడిపోయిన తెప్ప బరువు కూడా రెండుగా విడిపోతుంది కాబట్టి నలుగురు మనుషులు గెడలు వేసి భుజాల మీద మోసుకుపోగలరు. ఇంకో లాభం ఉంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. రోజూ విప్పి కట్టేవాడి వేళ్ళు రోజూ ప్రతి ముడినీ, ప్రతి మేకునూ తడుముతాయి. తాడు ఎక్కడ నలిగిందో, దుంగ ఎక్కడ చీలిందో సముద్రంలోకి వెళ్ళకముందే తెలిసిపోతుంది. తనిఖీ అనే మాట వాడకుండానే మన పెద్దలు తనిఖీని దినచర్య చేశారు.

ఒడ్డు నుంచి లాగే అలివి వలను సముద్రంలో వేయడానికి వాడిన కుట్టుపడవదీ ఇదే తర్కం. పాశ్చాత్యులు మసూలా పడవ అని రాసుకున్నది దీన్నే. పలకలను ఇనుప మేకులతో కాకుండా కొబ్బరిపీచు తాడుతో కుడతారు, కుట్టు వెంబడి నార కూరుతారు. లోపల పక్కటెముకల్లాంటి కమ్మీలు ఉండవు. బిగుసుకున్న పడవ ఇసుకకు కొట్టుకుంటే పగులుతుంది. ఇది వంగి, దెబ్బను మింగుతుంది. మద్రాసులో రేవు కట్టకముందు ఓడల్లో వచ్చిన మనుషులనూ సరుకునూ కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టుపడవలే. కుట్లు కొన్నాళ్ళకు పాడవుతాయి, నిజమే. పాడైతే మళ్ళీ కుడతారు. తాడు అరిగేది పలక మిగలడానికే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. తెప్ప నెమ్మది. ఇప్పటి నైలాను వలల బరువు మోయలేదు, ఇంజిను బిగించడానికి అనువు కాదు, మంచి దుంగలు దొరకడమే గగనం. చేపలు దూరం జరిగిన రోజుల్లో తెడ్డు, తెరచాపలతో సంసారం నడవదు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. ఫైబర్ తెప్ప ఎక్కి ఇంజినుతో దూరం పోయే కుర్రవాణ్ణి దుంగల మీదికి తిరిగి రమ్మనడం అన్యాయం. కానీ ఫైబర్‌కు మరమ్మతే అక్కర్లేదన్న నమ్మకం దానితో పాటు దిగుమతి అయింది. అది అబద్ధం. ఇసుక మీద ఈడ్చినప్పుడల్లా అడుగు అరుగుతుంది. పై పూత పోయాక నీళ్ళు పొరల మధ్యకు చేరతాయి, లోపల నింపిన తేలిక పదార్థంలోకి దిగుతాయి. దుంగ తాగిన నీళ్ళు ఎండకు పోయేవి. మూసుకుపోయిన ఫైబర్ గదిలోకి చేరినవి అంత తేలిగ్గా పోవు. పడవ ఏటికేడు బరువెక్కుతుంటే ఇంజిను ఎక్కువ నూనె తాగుతుంది. పడవ పాతబడిందని సరిపెట్టుకుని యజమాని కొత్త అప్పుకు బయలుదేరతాడు.

అసలు ఫైబర్ మరమ్మతు అందనంత విద్యేమీ కాదు. పగులు మీద లప్పం పూసి రంగు వేస్తే నిలవదు. ముందు మంచినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాలి. పగులు చుట్టూ బెత్తెడు మేర వాలుగా అరగదీసి, గాజునార మ్యాట్ ముక్కలను చిన్నదాని మీద పెద్దదిగా పొరలు వేసి, గాలి బుడగలు లేకుండా రెసిన్‌తో తడపాలి. రెసిన్‌లో హార్డెనర్ సాధారణంగా నూటికి ఒకటి, రెండు పాళ్ళు చాలు. మన ఎండల్లో ఎక్కువ వేస్తే మ్యాట్ తడవకముందే గడ్డకడుతుంది, మరీ తక్కువైతే మెత్తగానే ఉండిపోతుంది. ఇసుకకు రాసుకునే అడుగుభాగానికి విడిగా ఒక పట్టీ అతికించుకుంటే అరుగుదల దాని మీదే పడుతుంది, అరిగాక దాన్నే మార్చుకోవచ్చు. కుట్టుపడవ తాడు చేసిన పనే ఈ పట్టీ చేస్తుంది.

ఒడ్డుకు ఎక్కించే పద్ధతిలోనూ ఇదే ఆలోచన కావాలి. భుజాల మీద మోసిన తెప్పకు రాపిడి లేదు. ట్రాక్టరుకు తాడు కట్టి ముక్కు పట్టుకుని ఈడ్చే ఫైబర్ పడవకు రోజుకు రెండుసార్లు ఆకురాయి తప్పదు. వెడల్పు టైర్లలో గాలి తగ్గించి నింపిన చక్రాల బండి ఇసుకలో కూరుకుపోదు, పడవ బరువును అడుగంతా సమంగా మోస్తుంది. ఉప్పునీటిలో మునిగే బేరింగులకు తరచూ గ్రీజు పట్టించాలి, ఇనుము తుప్పు పట్టకుండా మంచినీళ్ళతో కడగాలి. ప్రతి పడవకూ బండి కొనడం భారమే. ఒకే ఒడ్డున దిగే పడవలన్నిటికీ కలిపి ఒకటి, రెండు ఉంటే చాలు.

ఈ పనులన్నిటికీ సమయం కూడా ఉంది. మరపడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఆరి ఉండేది అప్పుడే, చేతులు ఖాళీగా ఉండేదీ అప్పుడే. పడవకు రుణమో రాయితీనో ఇచ్చే ప్రభుత్వం దానితో పాటే కొంత రెసిన్, మ్యాట్, పది రోజుల శిక్షణ కూడా ఇవ్వాలి. విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది, నేర్పగలవాళ్ళున్నారు. ఆ తరగతిలో ముందు వరుసలో పీచుతాడు ముడులు తెలిసిన ముసలివాళ్ళను కూర్చోబెట్టండి. పడవ ఎక్కడ ముందుగా పాడవుతుందో చేత్తో తడిమి చెప్పగలిగింది వాళ్ళే.