జపాను చిత్రకథలలో ఒటాకు పాత్ర - హాస్యవిచారము

జపాను దేశమున మాంగా యను చిత్రకథయు, అనిమే యను చలచ్చిత్రమును విపులమైన కథావాఙ్మయముగ పెంపొందినవి. అందు ఒక శాఖ విలక్షణమైనది. అది వీరులను గాని అద్భుతములను గాని వర్ణింపదు. అట్టి కథలను అత్యాసక్తితో చదువుచు, నలుగురిలో మాటాడ వెఱచు సామాన్యుల దినచర్యనే వస్తువుగ గ్రహించును. అనగా పాఠకుడే ఇచట పాత్ర యగుచున్నాడు. ఇట్టి పాత్రను జూచి కలుగు నవ్వు అవహేళనమా, ఆత్మీయతయా యనునది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

ఈ పాత్రలకు ‘ఒటాకు’ అని పేరు. మూలమున ఆ పదమునకు ‘మీ యిల్లు’ అని యర్థము. ఎదుటివానిని ‘మీరు’ అని మర్యాదగా సంబోధించుటకును వాడుదురు. సమవయస్కులతో సైతము ఇట్లు దూరము పాటించి పలుకు అభిమానులను 1983లో నకమోరి అకియో ‘మాంగా బురిక్కో’ పత్రికలో పరిహసించుచు, వారికి ఆ సంబోధననే పేరుగ పెట్టెను. 1989లో బాలికల హత్యలకు సంబంధించి పట్టువడిన ఒక యువకుని గదిలో వేలకొలది వీడియో టేపులు కనబడుటతో, పత్రికలు ఆ పదమునకు భయమును గూడ జోడించినవి. కావున ఈ పాత్రను చిత్రింప బూనిన రచయిత నిందతోనే ఆరంభింపవలసి వచ్చెను.

నాట్యశాస్త్రము హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని రెండు విధములుగ చెప్పినది. తాను నవ్వినచో ఆత్మస్థము; పరుని నవ్వించినచో పరస్థము. మేమీ భేదమును కొంత విస్తరించి, నవ్వువాడు తన నవ్వునకు గుఱియైన వానిలో తన్ను తాను గుర్తించిన హాస్యమును ఆత్మస్థమనియు, గుర్తింపని దానిని పరస్థమనియు ఇచట వ్యవహరించుచున్నాము.

కియో షిమొకు రచించిన ‘గెన్‌షికెన్’ 2002 నుండి 2006 వరకు ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో వెలువడి, తొమ్మిది సంపుటములైనది. ఒక విశ్వవిద్యాలయమునందలి ‘ఆధునిక దృశ్యసంస్కృతి పరిశోధన సంఘము’ దీనికి రంగము. గ్రంథనామము ఆ సంఘనామమునకు సంక్షేపమే. ససహర యను నూతన విద్యార్థి తాను ఒటాకునని ఒప్పుకొనుటకు సిగ్గుపడును. సంఘసభ్యులు అతనిని గదిలో ఒంటరిగ విడిచి, అభిమానులు స్వయముగ ముద్రించుకొనిన పుస్తకములకై అతడు వెదకు వేళ పట్టుకొందురు. పైకి ఇది పరస్థహాస్యము. కాని నవ్వినవారందఱును అదే రుచి గలవారు. సిగ్గు పంచుకొనబడిన క్షణముననే ససహర సంఘసభ్యుడగుచున్నాడు.

కసుకబె సకి ఈ లోకమునకు బాహ్యురాలు. ప్రియుడైన కోసక కొఱకే ఆమె గదికి వచ్చును, వచ్చి చీదరించుకొనును. సామాన్య రచయిత చేతిలో ఆమె వారిని సంస్కరించి యుండెడిది, లేదా తానే వారిలో కలిసిపోయి యుండెడిది. కియో రెండు మార్గములను విడిచెను. ఆమె వారి రుచిని తుదివఱకు తనదిగ చేసికొనదు. వారిని మాత్రము తనవారిగ చేసికొనును. మదరమె అను సభ్యుడు ఆమెతో ఒంటరిగ చిక్కిన ఘట్టము ఇందుకు ముఖ్యోదాహరణము. అతడు మాట తోచక, ప్రణయ వీడియో ఆటలందు వలె ఏ పలుకు నెన్నుకొనవలెనో మనస్సులో లెక్కించును. ఆమె ముక్కునుండి ఒక వెండ్రుక వెలికి కనబడుచుండ, చెప్పుటయా మానుటయా యని తల్లడిల్లును. నాయికా సౌందర్యమును వర్ణింపవలసిన చోట ముక్కువెండ్రుక నిలిచినది. అతని మూగవలపు ఎఱిగి మరల చదువు పాఠకునికి ఈ హాస్యముననే కరుణము స్ఫురించును.

ఒగియూఎ పాత్ర ఇంకను గంభీరమైనది. ఆమె ఒటాకులను ద్వేషించు ఒటాకు. చిన్న తరగతులలో తనకిష్టుడైన సహపాఠిని పాత్రగ గీసిన చిత్రములు బయటపడి, అతడు పాఠశాల విడుచుటకు కారణమైనవి. లోకము నవ్విన నవ్వు ఆమె లోపల ఆత్మద్వేషముగ గూడుకట్టినది. పరస్థహాస్యము చేయు హాని ఎట్టిదో ఇంతకన్న స్పష్టముగ చూపుట కష్టము.

2011లో ఆరంభమైన ‘వటామోటె’ తనిగవ నికో యను ఉమ్మడి పేరుతో ఇరువురు సృజించినది. ఇందలి టొమొకోకు సంఘము లేదు, పంచుకొనువారు లేరు. ఆరంభమున పాఠకుడు ఆమె అవస్థను జూచి నవ్వును. ఆ నవ్వు కొంతసేపటికి గొంతున అడ్డుపడును. క్యోటో విహారయాత్ర తరువాత గాని సహాధ్యాయినులు ఆమెకు చేరువ కారు. అప్పుడును ఆమె స్వభావము మాఱలేదు, చూచువారు మాఱిరి.

ఇట ఒక పూర్వపక్షము కలదు. ఇట్టి కథలందు సంఘటన లేదు. ఇవి పాఠకుని లోపములను లాలించి, అతనిని అతడున్న చోటనే ఉంచునని కొందఱందురు. ఈ ఆక్షేపణ కేవలము నిరాధారము కాదు. 2010లో పునరారంభమైన ‘గెన్‌షికెన్’ రెండవ భాగమున మదరమె చుట్టును వలపులు మూగుట, గ్రంథము తొలుత నవ్విన కథాప్రణాళికకే లొంగుట యని మా అభిప్రాయము. కాని తొలి భాగమున కాలము కదలుచున్నది. సభ్యులు పట్టభద్రులగుదురు, ఉద్యోగములకై తిరుగుదురు, గదిని క్రొత్తవారికి విడుతురు. పనిలేక కూర్చున్న మధ్యాహ్నములే పోగొట్టుకొనిన సంపదయని పాఠకునికి క్రమముగ తెలియును. సంఘటనలేమి ఇచట లోపము కాదు, విభావము.

కావున ఈ శాఖకు విలువ కట్టునపుడు పాత్ర బాగుపడినదా యని అడుగుట సరి కాదు. మన నవ్వు ఎచట మొదలై ఎచటికి చేరినదని అడుగవలెను. ఒగియూఎ తన చిత్రములను ససహరకు చూపుటకు సాహసించుట ఆ గదిలోనే నేర్చినది. ఆమెను జూచి నవ్వని వారు అచట ఉండుటయే అందులకు కారణము.